ఏమేగారు

నా జన్మలో నేను ఇద్దరికి తెలుగు నేర్పాను. ఒకరు ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి. ఇంకొకరు మా నాయన. ఇద్దరికీ ఒకేసారి, ఒకే మంచం దగ్గర కూర్చుని, ఒకే గొంతుతో అరిచి నేర్పాను. ఆ పిల్లకు అప్పటికి తెలుగు రాదు, మా నాయనకు వచ్చిన తెలుగు పోయింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండి అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. టీచరే అందరికంటే మొండిది అని మా అమ్మ అంటుంది.

నాయన నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతు ఎలాంటిదంటే, సిరివెళ్లలో దిగాల్సినవాళ్ళు నిద్రపోతుంటే ఊరు ఇంకా కనపడకముందే ఉలిక్కిపడి లేచి సంచులు వెతుక్కునేవాళ్ళు. ఇంట్లోనూ అదే గొంతు. తువ్వాలు కనపడకపోతే "ఏమే!" అని కేక. పప్పులో ఉప్పు తక్కువైతే "ఏమే!" ఉప్పు సరిపోయినా ఊరికే ఒకసారి "ఏమే!" మా అమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. "నాకూ ఒక పేరుండాదని ఈయప్పకు ఎవురన్నా చెప్పండి" అని అమ్మ చుట్టాల ముందు దెప్పేది. నాయన నవ్వేసి, ఆ వెంటనే "ఏమే, కాఫీ" అనేవాడు.

ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ నాయన పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే దెబ్బకు పోయాయి. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కాలూ చెయ్యీ కసరత్తుతో వస్తాయమ్మా, మాట సంగతే చెప్పలేను అన్నాడు. ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయి, మాట మాత్రం నోటికి అందడం లేదు, మీరంతా వీలైనంత మాట్లాడించండి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

నాయనకు మిగిలింది ఒక్కటే మాట. "అదే." నీళ్ళు కావాలన్నా "అదే", దుప్పటి వద్దన్నా "అదే". నన్ను పిలవాలన్నా "అదే", నన్ను పొమ్మనాలన్నా "అదే". కోపంగా ఒక అదే, జాలిగా ఒక అదే. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆయన గింజుకుంటుంటే చూడలేక నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. అమ్మ అలా కాదు. మంచం పక్కన కూర్చుని ఆయన నోటివైపే చూస్తూ ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి నాతో, "నాకేం పెద్ద మాటలొద్దు పాపా, ముందటిమాదిరి 'ఏమే' అని ఒక్కతూరి పిలిస్తే చాలు నాకు" అంది. ఇన్నేళ్ళు ఆ పిలుపు మీద ఎంత విసుక్కుందో నాకు తెలుసు కాబట్టి, నాకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి.

ఆసుపత్రి నుంచి అమ్మావాళ్ళుండే ఆళ్లగడ్డకు కాకుండా నంద్యాలలోనే మా ఇంటికి తెచ్చుకున్నాం, రోజూ కసరత్తు చేయించాలి గనుక. మా ఇంటి ముందు గదిలో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరలకు జాకెట్టు గుడ్డలు, లంగాలు, ఫాల్సులు. వెనక గదిలో నాయన మంచం వేశాం. ఆసుపత్రి రెండు సందుల అవతలే కాబట్టి అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి డ్యూటీ అయ్యాక సాయంత్రాలు వచ్చి చేయిస్తానంది.

పిల్ల బక్కపల్చగా, చురుగ్గా ఉంది. ఒడియా వచ్చు, హిందీ వచ్చు. నాకు వచ్చిన హిందీ మా షాపుకొచ్చే తురకం మాట్లాడే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. నేను "హౌ", "నక్కో" అంటుంటే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. తెలుగు నేర్చుకోవాలని వచ్చిన రోజు నుంచే పట్టుదల. ఫోనులో ఏదో యాప్ పెట్టుకుని నేర్చుకుంటోందట. మొదటిరోజు నాయన ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "దయచేసి మీ కుడి కాలును పైకి ఎత్తండి" అంది.

నాయన కాలు ఎత్తలేదు. వార్తలు చదివే ఈ మనిషిని ఇంట్లోకి ఎవరు రానిచ్చారు అన్నట్టు నా వైపు చూశాడు. ఆసుపత్రిలో కూడా ఇదే వరస అని తర్వాత తెలిసింది. ప్రతి మాటకూ ముందు "దయచేసి" పెడుతుంది. దాంతో వార్డులో ఉన్నవాళ్ళంతా అది కసరత్తు పేరనుకున్నారు. ఒక ముసలాయన నాతోనే అన్నాడు: "పొద్దున ఒక్కతూరి దయచేసి చేసినాలేమ్మా, మళ్ళా చెయ్యాల్నంటనా?"

ఆ యాప్ తీసి పక్కన పెట్టు, నేను నేర్పిస్తా అన్నాను. ఎట్లాగూ డాక్టరు నాయనను మాట్లాడించమన్నాడు, ఒకే పాఠం ఇద్దరికీ సరిపోతుంది అనుకున్నాను. అంత తెలివిగా ఆలోచించినందుకు తర్వాత నా నెత్తి నేనే కొట్టుకున్నాను.

మొదటి చిక్కు వరసల దగ్గరే వచ్చింది. ఆయనను ఏమని పిలవాలి అని అడిగింది. మీ వైపు తాతను ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలువు అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది. నాయన వైపు తిరిగి ప్రేమగా, "జేజే!" అంది. వాళ్ళ వైపు తాత అంటే జేజేనట. మా వైపు జేజి అంటే నాయనమ్మ. ఆ మీసాలతో, ఆ కనుబొమలతో మంచం మీద కూర్చున్న మా నాయన ఒక్కమాటతో ముసలమ్మ అయిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

దీనికి తోడు వాళ్ళ భాషలో వచ్చాడు, వచ్చింది అనే తేడా లేదట. మగైనా ఆడైనా ఒకటే క్రియ. అందుకని కసరత్తు అయ్యాక రోజూ మాకు నివేదిక ఇలా ఉండేది: "ఈరోజు జేజే బాగా నడిచింది. జేజే అలిసిపోయింది. జేజే కోపంగా ఉంది." కోపంగా ఉండక ఏం చేస్తుంది పాపం జేజే.

కాలు ఎత్తించేటప్పుడు ఆ పిల్ల వాళ్ళ భాషలోనే లెక్క పెట్టేది. "ఎకొ, దుయి, తిని, చారి, పాంచొ." వింటూ వింటూ ఒక సాయంత్రం నాయన కూడా అందుకున్నాడు. "...దుయి... తిని..." అన్నాడు. నేను షాపులో గుడ్డ చించుతూ చించుతూ ఆగిపోయాను. నేను లోపలికి పోయేలోపలే అమ్మ పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని పెట్టుకుని పరుగున వచ్చేసింది.

"తిని అంటాండాడు మే, ఆకలైతాందేమో! ఇంగా ఏం తినలేదు గదా మధ్యాన్నం నించీ," అంది.

తిని అంటే మూడు అని ఆ పిల్ల చెప్పేసరికి అమ్మ పళ్ళెం పట్టుకుని అక్కడే కూలబడింది. "తెలుగు పోయి ఒరియా వచ్చెనా ఈయప్పకు? ఇప్పుడు నేను దాన్ని యాడ నేర్చుకోవాల?" అని ఆ పిల్ల మీద కేకలేసింది. కేకలేస్తూనే ఆ ఉగ్గాని పళ్ళెం ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. ఊరుగాని ఊర్లో ఒక్కతే వండుకుని తినే పిల్ల అని అమ్మకు ఆమె మీద జాలి.

యాప్ పక్కన పెట్టాక ఆ పిల్ల నేర్చుకున్న మొదటి తెలుగు మాట మాత్రం నా దగ్గర నేర్చుకోలేదు. నాయన దగ్గర నేర్చుకుంది. "అదే." ఇంత పెద్దాయన అన్నిటికీ ఈ మాటే వాడుతున్నాడంటే ఇది తెలుగులో చాలా గొప్ప మాట అయివుండాలని తీర్మానించుకుంది. పోయి బజార్లో ప్రయోగించింది. టీ కొట్టు దగ్గర "అన్నా, అదే" అంటే టీ ఇచ్చాడట. ఆటో ఆపి "అదే" అంటే, "ఆసుపత్రికేనా, ఎక్కమ్మా" అన్నాడట. కూరగాయలామె దగ్గర వేలు చూపించి "అదే" అంటే బెండకాయలు తూచి ఇచ్చిందట. మూడు రోజుల్లో తెలుగు వచ్చేసిందని నా దగ్గరికి వచ్చి సంబరంగా చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ఇది భాష కాదు, నోరు పడిపోయిన మనిషి అవస్థ అని నా షాపు హిందీలో గట్టిగా చెప్పాలనుకున్నాను. అంతలో ఎవరో ఆమె షాపులోకి వచ్చి, "అక్కా, మొన్న అదే, అదే ఉండాదే, అదే రంగు, అదియ్యి" అంది. నేను లేచి వంకాయరంగు జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చాను. ఆమె సరిచూసుకుని తీసుకుని పోయింది. ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది. ఇంక నేను మాత్రం ఏం వాదిస్తాను?

పాఠాలు జాకెట్టు గుడ్డలతోనే మొదలుపెట్టాను. నా చేతికి అందేవి అవే. నెమలికంఠం, చిలకపచ్చ, మామిడిపిందె, ఇటుకరంగు అని ఒక్కో ముక్క మంచం మీద పరిచి ఇద్దరి చేతా పలికించేదాన్ని. పిల్ల గడగడా పలికేది. నీళ్ళు అడగడం రాకముందే నెమలికంఠం వచ్చింది ఆమెకు. నాయన ప్రతి ముక్కనూ తడిమి చూసి, "అదే" అనేవాడు. ముక్కల్ని వేరుచేసి రంగులవారీగా సరిగ్గానే పెట్టేవాడు, అది వేరే సంగతి. అన్నీ తెలుసు, నోరే రాదు.

హిందీవాళ్ళకు నాలుక తిరగని "ళ" ఈ పిల్లకు పుట్టుకతోనే ఉంది. నీళ్ళు, పళ్ళు, ఆళ్లగడ్డ అని ఎంత ముచ్చటగా అనేదో. తక్కినవే తంటా. అన్నం ఆమె నోట్లో "ఒన్నం". అక్కా అని నన్ను పిలిస్తే "ఒక్కా". ఇంక దీర్ఘాలు వాళ్ళకు లెక్కలోకే రావు. పొట్టి ఉ, పొడుగు ఊ రెండూ ఒకటే. ఒకనాడు నాయన కాలు ఎత్తనని మొండికేస్తే, పక్కన కూర్చుని చెయ్యి నిమురుతూ ధైర్యం చెప్పింది: "జేజే, మంచిగా నడిస్తే మనం తొందరగా ఉరికి పోవచ్చు."

అమ్మ హడలిపోయింది. "ఉరికెందుకు తల్లీ, ఏం తప్పు చేసినాడని?" అంది. ఊరికి, ఊరికి అని నేను పెదాలు సాగదీసి వందసార్లు చెప్పించాను. వంద అయ్యాక ఆ పిల్ల చక్కగా, "ఉరికి" అంది.

అప్పుడే ఇంకో ఉపద్రవం. నాయన "అదే" కాస్తా "ఒదే" అయింది. నేను మొదట నమ్మలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ "ఒదే" అన్నాడు. ఉన్న ఒక్క మాటకూ ఒడియా యాస పట్టింది. ఆ రోజు షాపులో బేరాలు లేవు, ఎండ మండుతోంది, నా బుర్ర కూడా మండింది. ఆ పిల్ల మీద అరిచేశాను. ఉన్న తెలుగు కూడా చెడగొడుతున్నావ్, లెక్కలు తప్ప ఇంకేం మాట్లాడొద్దు అన్నాను. పిల్ల కళ్ళనిండా నీళ్ళతో, పాఠంలో నేర్పినట్టే పూర్తి వాక్యంలో, "సరే ఒక్కా, జేజే ఈరోజు బాగా నడిచింది, నేను పోయొస్తా" అంది.

మంచం మీద నుంచి ఒక చప్పుడు వచ్చింది.

"డు."

ముగ్గురం తిరిగి చూశాం. నాయన మెడ నరాలు పొంగి ఉన్నాయి. పెదాలు బిగించి మళ్ళీ అన్నాడు. "డు!"

"డు అంటే ఏందీ?" అంది అమ్మ భయంగా.

నాకు తెలిసిపోయింది. నడిచింది కాదు, నడిచాడు. ఆయన తాను మగవాణ్ణని చెప్తున్నాడు. ఇన్నాళ్ళూ ఓపిక పట్టి, ఇంక పట్టలేక, ఎక్కడో లోపల ఇరుక్కున్న ఆ ఒక్క అక్షరాన్ని పీకి బయటకు విసిరాడు. ఆ "డు" కోసం మేం ఆ సాయంత్రం సందు చివరి నుంచి జిలేబీ తెప్పించుకున్నాం. నేను అరిచిన అరుపులు ఆ పిల్లా మర్చిపోయింది, నేనూ మర్చిపోయాను.

అప్పుడు నాకు విషయం బోధపడింది. నేను సరిగ్గా చెప్పే తెలుగు వల్ల నాయనకు ఏమీ ఒరగలేదు. ఆ పిల్ల తప్పు చెప్పినప్పుడల్లా ఆయన పెదాలు కదులుతున్నాయి. బస్సులో మనిషి తప్పు స్టాపులో దిగబోతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు మా నాయన. ఒడియా పిల్ల తెలుగులో దారి తప్పినప్పుడల్లా ఆయన లోపల లేచి నిలబడుతున్నాడు.

మర్నాడు ఆ పిల్లను కూర్చోబెట్టి, ఇవాళ్టి నుంచి తప్పులు మాట్లాడు అని చెప్పాను. పిల్లకు కోపం వచ్చింది. వార్డులో అందరి చేతా నవ్వించుకుంటూ, బస్సుల్లో బోర్డులు చదువుకుంటూ ఇంత కష్టపడుతుంటే తప్పులు మాట్లాడమంటారేమిటి అంది. నాయన కోసం అన్నాను. సరేనని ఒప్పుకుని మంచం దగ్గరకు పోయి, గొంతు సవరించుకుని, "జేజే, నేను నిన్న రేపు వస్తాను" అంది.

నాయన ఆమె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. పాత టికెట్టు చూపించి ప్రయాణం చెయ్యాలనుకున్నవాళ్ళను చూసే చూపు అది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. దొంగ తప్పులు ఆయన దగ్గర చెల్లవు. నిజంగా తప్పు మాట్లాడితేనే పని జరుగుతుంది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. పిల్ల తప్పులు తగ్గిపోతున్నాయి. "డు" దెబ్బతో ఆడా మగా తేడా శాశ్వతంగా వచ్చేసింది. అమ్మతో వంటింట్లో కూర్చుని కూరలు తరుగుతూ తరుగుతూ ఏకంగా మా మాటే పట్టేసింది. "ఏం చేస్తాండావ్ ఒక్కా" అనేది, తర్వాత "ఏం చేస్తాండావక్కా" అనే దాకా వచ్చింది. ఒకరోజు వాకిట్లోంచి "యాడికి పోతాండావ్ ఈ ఎండలో?" అని వినపడితే మా వీధివాళ్ళెవరో అనుకుని బయటకు పోయి చూశాను. ఆ పిల్లే, కూరగాయలామెతో మాట్లాడుతోంది. జేజే పోయి "జేజినాయన" వచ్చింది, మా వైపు తాతను పిలిచినట్టే. ఊరికి అనే మాటకు చక్కగా దీర్ఘం పడింది.

టీచరన్నాక సంతోషించాలి. నాకు దిగులుగా ఉండేది. ఆ పిల్ల ఒక్కో మాట సరిగ్గా పలికినప్పుడల్లా నాయన పెదాలు కదలడానికి ఇంకో కారణం పోయినట్టే. ఆయన ఇప్పుడు ఆమె మాటలు విని తృప్తిగా తల ఊపి, "అదే" అని ఊరుకుంటున్నాడు. ఇంత తొందరగా నేర్చుకోమని ఎవరు ఏడ్చారు అని ఒక్కోసారి ఆ పిల్ల మీద లోలోపల కోపం వచ్చేది. అన్యాయమైన కోపమే. అయినా వచ్చేది.

ఎండలు తగ్గేనాటికి నాయన చేతికర్ర పట్టుకుని నడవసాగాడు. మెల్లగా కుడి చేత్తోనే అన్నం కలుపుకుంటున్నాడు. ఇంక ఆళ్లగడ్డకు పోతాం అంది అమ్మ. బయల్దేరే ముందురోజు వంటింట్లో ఆ పిల్లతో మాట్లాడుతుంటే నేను షాపులోంచి విన్నాను.

"కాలొచ్చె, చెయ్యొచ్చె, అంతా నీ పుణ్యమే తల్లీ. నోరే రాలేదు. నన్ను 'ఏమే' అని పిలుస్తాండె ముందు. ఇంగ ఎవురు పిలుస్తారు నన్నట్లా?"

అమ్మ ముక్కు చీదుకోవడం, గిన్నెలు సర్దడం వినపడ్డాయి. డాక్టరు చెప్పిన "రాకపోవచ్చు" ఇదేనేమో అని నేను ఆ రోజే మనసులో ఒప్పేసుకున్నాను. చెప్పుకోవడానికి బాధగానే ఉంది గానీ, నేను ఆశ వదులుకున్నాను.

ఆళ్లగడ్డలో అమ్మావాళ్ళ ఇల్లు శిల్పులుండే వీధికి దగ్గర. పొద్దున్నుంచి ఉలి చప్పుడు వినపడుతూనే ఉంటుంది. నాయన వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, పోయేవాళ్ళను చూసి తల ఊపేవాడు. వాళ్ళు "బాగుండావాన్నా?" అంటే "అదే" అనేవాడు. ఆదివారాలు నేను షాపు మూసి పోయి చూసి వచ్చేదాన్ని. రెండో ఆదివారం ఆ పిల్ల కూడా వస్తానని ఫోను చేసింది. కసరత్తు ఎలా చేస్తున్నాడో చూడాలట, అమ్మ చేతి వంట తినాలట.

ఆ రోజు అమ్మ వంటింట్లో బొబ్బట్లకు పిండి పిసుకుతోంది. నేను అరుగు మీద నాయన పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. పిల్ల బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది, చేతిలో అరటిపళ్ళు. వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూస్తూ, ఎంతో ప్రేమగా, ఎంతో మర్యాదగా, ఇల్లంతా వినపడేట్టు పిలిచింది.

"ఏమేగారూ! బాగుండారా? నేనొచ్చినా!"

నా చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. మా వైపు పెద్దామెను ఒక పిల్ల "ఏమే" అంటే కుళాయి దగ్గర బిందెలు ఎగురుతాయి. దానికి "గారు" తగిలించిన మనిషి మాత్రం తెలుగు నేలమీద ఇంతవరకూ పుట్టి ఉండదు. పాపం ఆ పిల్ల, వంటింట్లో అమ్మ అన్న మాట విని అది అమ్మ పేరనుకుంది. ఇంక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరని అమ్మ ఏడిస్తే, నేనున్నాను కదా పిలవడానికి అనుకుంది. యాప్‌లో నేర్చిన గారు కూడా గౌరవంగా జోడించుకుని, బస్సులో దారి పొడుగునా మననం చేసుకుంటూ వచ్చిందట. నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

చేతికర్ర నేలమీద ఠపీమని కొట్టిన చప్పుడైంది.

నాయన కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ముఖం ఎర్రబడింది. పెదాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నేను నవ్వు ఆపేశాను. "అదే" వస్తుందనుకున్నాను.

"నువ్వు..." అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు... అనగూడదు."

పిల్ల అరటిపళ్ళు గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

"ఏమే..." అన్నాడు నాయన. చేత్తో తన రొమ్ము మీద కొట్టుకున్నాడు. "నేను... నేననాల."

"తప్పు చెప్పినానా అక్కా?" అంది పిల్ల నా పక్కకు వచ్చి చెవిలో. "అమ్మ పేరు గదా అది?" ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అంతే.

అమ్మ గడపలోకి వచ్చింది. మోచేతుల దాకా పిండి. "ఏమనె? మీ నాయన ఏమో అనె గదా, ఏమనె?" అని నన్ను అడిగింది. నేను చెప్పేలోపలే ఆయన వైపు తిరిగింది. ఆమె అంతా వినే ఉంది.

"నువ్వే అనాలంటివి గదా," అంది. గొంతు గట్టిగానే ఉంది. "అట్లయితే అను."

నాయన కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఆమెనే చూస్తున్నాడు. పిల్ల నా చేతిని నొక్కుతోంది, తానే పరీక్ష రాస్తున్నట్టు పెదాలు కదుపుతోంది.

"ఏమే," అన్నాడు నాయన.

"ఏందీ?" అంది అమ్మ. ఎప్పుడూ అనేట్టే, పనిలో ఉంటే పిలిచావేమిటని విసుక్కున్నట్టే అంది. అని, వచ్చి ఆయన కాళ్ళ దగ్గర అరుగు మీద కూలబడి, పిండి చేతులతోనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.